ముల్లు సగానికి దిగితే

నేను ఒక పాత పికప్ బండిని. కోరుట్ల ఊరి చివర ఒక నీళ్ళ ప్లాంటు ముందు, రేకుల నీడలో నిలబడి ఉంటాను. పొద్దున ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు ఎక్కించుకుని పల్లెలు తిరిగి, మధ్యాహ్నానికి ఖాళీ క్యాన్లతో గలగలమంటూ తిరిగొస్తాను. నా తలుపుల మీద తెల్లరంగు పొక్కులు లేచి రాలుతోంది. ఒక హెడ్‌లైటుకు చూపు మందగించింది. ఇంకొన్ని నెలల్లో నా కాగితాల గడువు తీరిపోతుంది. ఆ తర్వాత నన్ను ముక్కలుగా కోసి తూకానికి వేస్తారు. దానికి నాకేం బాధ లేదు. ఇనుము పుట్టింది కరగడానికే. కానీ ఒక మనిషిని నా మూలంగా దొంగను చేశారు. ఆ సంగతి పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అది చెప్పకుండా పోవడం నాకిష్టం లేదు.

నేను పుట్టింది పడమటి వైపున్న ఒక పెద్ద కర్మాగారంలో. ఒకడు చట్రం పేర్చాడు, ఒకడు ఇంజన్ దించాడు, ఇంకొకడు ట్యాంకు బిగించాడు. వాళ్ళెవరూ నా ముఖం రెండోసారి చూడలేదు. లారీ మీద ఎక్కించి కరీంనగర్ షోరూముకు పంపారు. అక్కడి నుంచి నన్ను నడిపించుకుని కోరుట్లకు తెచ్చినవాడు ఓదెలు. అప్పటికి అతనికి ముప్పై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. తాళం తిప్పి ఇంజన్ లేవగానే బయల్దేరే అలవాటు అతనికి లేదు. గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరికే కూర్చునేవాడు. నా చప్పుడు వినేవాడు. అంతా సరిగ్గా ఉందని తోచాకే క్లచ్ నొక్కేవాడు.

నన్ను కొన్నది టెంట్ హౌస్ నడిపే రాజేశం సేటు. పెళ్ళిళ్ళకూ చావులకూ షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, గంగాళాలు అద్దెకిచ్చేవాడు. చెడ్డవాడని చెప్పలేను. బీదవాళ్ళ ఇంట్లో చావు జరిగితే షామియానా ఊరికే వేయించేవాడు. అయితే మోసపోవడమంటే ఆయనకు చావుకన్నా ఎక్కువ భయం. ఒక్క గరిటె తక్కువ వచ్చినా ఆ రాత్రి అన్నం సహించేది కాదు. పోయిన గరిటె గురించి కాదు, తనను ఎవడో వెర్రివాణ్ణి చేశాడేమోనని. మనుషుల్లో ఈ జబ్బు చాలామందికి ఉంటుందని తర్వాత తెలిసింది నాకు.

ఏడేళ్ళు ఓదెలు చేతిలో హాయిగా గడిచాయి. దసరాకు నాకు దండ వేసేవాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొత్తగా పెళ్ళయినవాడిలా సిగ్గుపడుతూ నన్ను రెండడుగులు ముందుకు నడిపేవాడు. అతని భార్య రాజవ్వ బీడీలు చుట్టేది. ఒకసారి వానలో దారి మీద కనబడితే ఆమెను ఎక్కించుకుని, సేటుకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. "మా ఇంటిదాన్ని ఎక్కించుకున్న సేటు, తొవ్వలనే దించుత" అని. అంత లెక్క మనిషి.

ఎనిమిదో ఏట నాకు వణుకు మొదలైంది.

నడిచేటప్పుడు ఏమీ ఉండేది కాదు. ఎక్కడైనా ఆగి, ఇంజన్ స్లోలో తిరుగుతున్నప్పుడు మాత్రం నా ఒళ్ళంతా ఎగిరెగిరి పడేది. అద్దంలో వెనక దారి అలుక్కుపోయినట్టు కనబడేది. చప్పుడు కాసేపు మునిగి, కాసేపు లేచి, ఊపిరి ఆడని మనిషి గురకలా వచ్చేది. కొంచెం రేసిస్తే సర్దుకునేది. అదీ రోజూ కాదు. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి అయిదో రోజు మొదలయ్యేది. పొద్దున లేనిది సాయంత్రం వచ్చేది. ఎత్తు మీద ఆగితే ఒక తీరు, పల్లంలో ఆగితే ఇంకో తీరు. అదెందుకో నాకూ తెలియదు. నొప్పి ఉన్నవాడికి నొప్పి తెలుస్తుంది గాని కారణం తెలుస్తుందా?

మెట్‌పల్లి రోడ్డులో, పెట్రోల్ బంకును ఆనుకుని మొయిజ్ షెడ్డు ఉంది. మంచి పనితనం ఉన్న మెకానిక్. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకునేవాడు. మొదటిసారి డీజిల్ ఫిల్టర్ మార్చాడు. వణుకు పోయింది. వారానికి మళ్ళీ వచ్చింది. రెండోసారి ఇంజన్ కింది రబ్బరు దిమ్మలు మార్చాడు. పోయింది, మళ్ళీ వచ్చింది. నాజిళ్ళు విప్పి శుభ్రం చేయించాడు. అప్పుడూ అంతే. అతని షెడ్డులో ఉన్నంతసేపూ నేను నిద్రపోతున్న పసిబిడ్డలా ఉండేదాన్ని.

దానికి కారణం చాలా చిన్నది. మొయిజ్ దగ్గరికి పోయే ముందు పక్కనే ఉన్న బంకులో ట్యాంకు నింపించడం రాజేశం సేటు పెట్టిన నియమం. ట్రయల్ కోసం మెకానిక్ ఎంత దూరం తిప్పుతాడో తెలియదని. ఆ నిండు ట్యాంకులో నా రోగం మునిగిపోయేది. కానీ ఆ సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

తట్టింది ఓదెలుకే. అతను చదివింది అయిదో తరగతి. కానీ నా మీద పెట్టిన ధ్యాస ఎవరూ పెట్టలేదు. వణుకు వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో ఒక్కొక్కటే మనసులో వేసుకుంటూ వచ్చాడు. ఎండ వల్లనా అనుకున్నాడు, కాదు. బరువు వల్లనా అనుకున్నాడు. ఖాళీగా ఉన్నప్పుడూ వణికాను. బంకు మార్చి చూశాడు. ఒకరోజు ఐలాపూర్ దగ్గర రోడ్డు పక్కన ఆగి నేను ఎగిరిపడుతుంటే, అతని చూపు డీజిల్ ముల్లు మీద పడింది. సగానికి కొంచెం కింద ఉంది. మర్నాడు నింపాడు. వణుకు లేదు. ముల్లు దిగేదాకా కాచుకున్నాడు. సగానికి దిగిన గంటలో మొదలైంది. ఇట్లా ఆరుసార్లు చూశాడు, ఆరుసార్లూ అదే. రాజవ్వ దగ్గర ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అడిగి తెచ్చుకుని, ముల్లు అద్దం మీద సరిగ్గా ఆ చోట అంటించాడు.

ఆ రోజు అతని ముఖంలో చూసిన సంతోషం నేను మర్చిపోలేదు. తిన్నగా టెంట్ హౌసుకు తీసుకుపోయాడు.

"సేటు, బండి రోగం దొరికింది. ముల్లు సగం కిందికొస్తెనే ఒణుకుతున్నది. సగం పైన ఉంటె ఏం లేదు. ట్యాంకు లోపటనే ఏదో ఉన్నది. ఒక్కసారి దించి చూపిద్దాం. అప్పటిదాక ట్యాంకు నిండుగ పెడుదాం."

రాజేశం సేటు కుర్చీల కట్టలు సరిచూసుకుంటున్నాడు. ఓదెలు చెప్పినదాంట్లో ఆయన చెవికి ఎక్కింది చివరి మాట ఒక్కటే. ట్యాంకు నిండుగా పెట్టమంటున్నాడు. డ్రైవరు డీజిల్ నిండుగా ఎందుకు పెట్టమంటాడు?

సాయంత్రం మొయిజ్‌ను అడిగాడు. మొయిజ్ నవ్వాడు. "ట్యాంకుల ఎంతున్నదో ఇంజన్‌కెట్ల ఎరుక సేటు? ఒక్క చుక్క అందినా ఇంజన్‌కు ఒకటే, ట్యాంకు నిండుగున్నా ఒకటే." అతను కల్పించి చెప్పింది కాదు. తనకు తెలిసిన విద్య అంతవరకే చెప్పింది. తెలియని చోట నవ్వు వస్తుంది మనుషులకు.

ఆ మర్నాటి నుంచి సేటు నాకు డీజిల్ కొసరి కొసరి పోయించడం మొదలుపెట్టాడు. ఏ రోజుకారోజు, ఆ రోజు తిరుగుడుకు సరిపడా. దాంతో ముల్లు ఎన్నడూ సగం దాటింది లేదు. అప్పుడప్పుడూ వచ్చే వణుకు రోజూ వచ్చింది. రోజూ వణుకుతుంటే ఓదెలు రోజూ అదే మాట అన్నాడు. అతను అన్నకొద్దీ సేటుకు అనుమానం గట్టిపడింది. అనుమానం గట్టిపడ్డకొద్దీ డీజిల్ ఇంకా తగ్గింది. అట్లా రెండేళ్ళు నేను వణుకుతూనే బతికాను. గొట్టంలో గాలి పట్టి మధ్యమధ్య ఆగిపోతుంటే ఓదెలు ఒక అయిదు లీటర్ల క్యానులో కొంచెం డీజిల్, ఒక మూర ప్లాస్టిక్ పైపు సీటు కింద పెట్టుకున్నాడు. ఫిల్టర్ దగ్గర మర వదులు చేసి, చేతిపంపు నొక్కి గాలి తీసి, ఆ డీజిల్ పోసి నన్ను లేపుకునేవాడు.

వైశాఖంలో కథలాపూర్‌లో ఒక పెళ్ళి. వంట గిన్నెలూ గంగాళాలూ షామియానా గుడ్డలూ అన్నీ నా మీదే. ఊరింకో నాలుగు కిలోమీటర్లుందనగా కల్వర్టు ఎత్తు మీద ఎదురుగా మేకల మంద వచ్చింది. ఓదెలు ఆపాడు. స్లోలో నాలుగుసార్లు ఎగిరిపడి ఆగిపోయాను. ఈసారి ఎన్ని పాట్లు పడ్డా లేవలేదు. ఫిల్టర్ మర దగ్గర డీజిల్ రావలసిన చోట నురగ వచ్చింది. క్యానులో ఉన్నది ఆ నురగకు చాలలేదు. అరచేతులు బొబ్బలెక్కేదాకా చేతిపంపు నొక్కాడు ఓదెలు. చివరికి ఓడిపోయి ఫోన్ చేశాడు.

రాజేశం సేటు మొయిజ్‌ను బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని, ఇరవై లీటర్ల డీజిల్ క్యానుతో వచ్చాడు. డీజిల్ అయిపోయి ఉంటుందని ఆయన ముందే నిర్ణయించుకున్నాడు. క్యాను మొత్తం నాలో పోశారు. మొయిజ్ గాలి తీశాడు. తాళం తిప్పగానే లేచాను. వణుకు లేదు. కొత్త బండిలా మెత్తగా తిరిగాను. నా జీవితంలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకోటి లేదు.

మేం చేరేసరికి పెళ్ళి అయిపోయింది, పొయ్యి మీద ఎసరు పడలేదు. మగపెళ్ళివారు ఆకలితో కుర్చీలు తన్నుకుంటూ తిరుగుతున్నారు. పెళ్ళికూతురు తండ్రి అందరికీ చేతులు జోడిస్తున్నాడు. రాజేశం సేటును నానా మాటలూ అన్నారు. ఆయన అవన్నీ తలవంచుకుని విన్నాడు. విని, గిన్నెలు దింపుతున్న ఓదెలు దగ్గరికొచ్చాడు. వంటవాళ్ళు, టెంటు వేసే కూలీలు, ఇంకా పెళ్ళికొచ్చిన ఎంతోమంది చూస్తున్నారు.

"డీజిల్ లేకనే బండి ఆగింది. పొయ్యంగనే లేచింది. ఆ డీజిల్ ఏడికి పోయింది ఓదెలు?"

"ట్యాంకుల ఉన్నది సేటు. మీరు పొయ్యకముందు ముల్లు గూడ చూపిస్తుండె."

"ముల్లు కాడ బొట్టుబిళ్ళ ఎందుకు పెట్టినవ్? ఈడిదాక నాది, మిగిలింది నీదనా?"

సేటు నా క్యాబిన్‌లో చెయ్యి పెట్టి సీటు కింది క్యాను, పైపు బయటికి లాగాడు. రెండూ డీజిల్ వాసన కొడుతున్నాయి. వాటిని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇవేంది?"

"గాలి పడితె తీసెటందుకు సేటు. బండి ఆగకుంట ఉండాలని పెట్టుకున్న."

కూలీల్లో ఎవరో నవ్వారు. సేటు మొయిజ్ వైపు తిరిగాడు. "భాయ్, నువ్వు చెప్పు. డీజిల్ ఉన్న బండి ఆగుతదా?"

మొయిజ్ ఓదెలు వైపు చూడలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు. "నాకెరికైనకాడికి ఆగది సేటు. పోసినం, లేచింది. అంతే."

అబద్ధం కాదు. జరిగిందే చెప్పాడు. కానీ ఒక మనిషి పరువు తీయడానికి అబద్ధమే అక్కర్లేదు. సగం తెలిసిన నిజం చాలు.

రాజేశం సేటు అద్దం మీది బొట్టుబిళ్ళను గోరుతో గీకి పారేశాడు. ఓదెలు బోర్లించిన గంగాళం మీద నా తాళంచెవి పెట్టి, చొక్కా చేతులు కిందికి దించుకుని, మండుటెండలో కోరుట్ల వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. హారన్ కూడా ఒకరు నొక్కితేనే మోగుతుంది నాకు.

పదిరోజుల తర్వాత రాజవ్వ టెంట్ హౌసుకు వచ్చింది. లోపలికి పోలేదు. నా పక్కనే నిలబడి సేటు బయటికి వచ్చేదాకా ఆగింది.

"సేటు, పని ఇయ్యుమని అడగరాలే. బండిని ఇప్పి చూపియ్యుండ్రి. ట్యాంకు దించి చూడుమని మా ఆయన రెండేండ్లు చెప్పిండు. చూసినంక దొంగంటే అనుండ్రి, పడుతం. చూడకుంట అనకుండ్రి."

"పోలీసోల్లకు ఇయ్యకుంట ఇడిసిపెట్టిన. అది చాలదా అమ్మా?" అన్నాడు సేటు.

ఆమె వెళ్ళబోతూ నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

కోరుట్లలో బండ్లున్న సేట్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఓదెలు ఎక్కడికి పోయినా కుర్చీ వేసి, చాయ్ తాగించి, చూద్దాంలే అని పంపారు. ఎవరూ దొంగ అనలేదు. తాళంచెవి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కొన్నాళ్ళు బియ్యం మిల్లులో బస్తాలు మోశాడని, నడుము పట్టేసి మానేశాడని టెంటు కూలీలు నా వెనక తొట్టిలో కూర్చుని చెప్పుకుంటుంటే విన్నాను.

నాకు కొత్త డ్రైవరుగా సేటు బావమరిది వచ్చాడు. వాడు నిజంగానే దొంగ. మేడిపల్లి దారిలో ఒక చింతచెట్టు కింద ఆపి, వారానికి రెండుసార్లు నా ట్యాంకులో పైపు వేసి డీజిల్ లాగి అమ్ముకునేవాడు. వాడి మీద సేటుకు ఏనాడూ అనుమానం రాలేదు. ఇంటి మనిషి గదా. పైగా వాడు ట్యాంకు నిండుగా పెట్టమని ఏనాడూ అడగలేదు. వణుకు ఎక్కువైతే "పాత బండి బావా, గట్లనే ఉంటది" అనేవాడు. ఆ మాట సేటుకు బాగా నచ్చింది.

అట్లా అయిదేళ్ళు గడిచాయి. ఒకరోజు నేను మరీ మొరాయిస్తే సేటే స్వయంగా నడుపుకుంటూ మొయిజ్ దగ్గరికి తెచ్చాడు. ఆ రోజు బంకుకు ట్యాంకరు రాలేదు. దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. డీజిల్ పోయించకుండానే షెడ్డులోకి తేవలసి వచ్చింది. మొయిజ్‌కు అప్పటికి కళ్ళజోడు వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను నా వణుకును కళ్ళారా చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత ట్యాంకు నుంచి ఫిల్టర్‌కు వచ్చే నల్ల రబ్బరు పైపు విప్పి, దాని చోట లోపల కనబడే తెల్ల ప్లాస్టిక్ పైపు పెట్టాడు. ఇంజన్ లేపాడు. పైపులో డీజిల్‌తో పాటు సన్నని బుడగలు వరసగా చీమల్లా పాకుతూ వచ్చాయి. "గాలి ట్యాంకు దిక్కు నుంచే వస్తున్నది" అన్నాడు తనలో తను. నా కింద దూరి ట్యాంకు దించాడు. లోపల అడుగుదాకా దిగి ఉండే పీల్చుడు గొట్టాన్ని బయటికి తీశాడు. ఒక చివర వేలితో మూసి, గొట్టాన్ని నీళ్ళ బకెట్‌లో ముంచి, రెండో చివర నుంచి ఊదాడు. గొట్టం నడిమధ్య నుంచి బుడగలు లేచాయి. వెంట్రుకంత చీలిక. డీజిల్ దానికి పైన ఉన్నంతసేపూ అది డీజిలే పీల్చేది. డీజిల్ దాని కిందికి దిగితే గాలి పీల్చేది. ఇన్నేళ్ళ నా వణుకు అదీ.

మొయిజ్ బకెట్ ముందు గొంతుకూర్చునే ఉండిపోయాడు. ఆ తర్వాత గొట్టం తెచ్చి సేటు చేతిలో పెట్టాడు.

"ఓదెలు చెప్పిందే నిజం సేటు. సగం అన్నడు. సగం కాడనే ఉన్నది."

రాజేశం సేటు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది. ఆయన మోసపోకుండా ఉండాలని ఎంత జాగ్రత్తపడ్డాడో నాకు తెలుసు. ఆయనను మోసం చేసింది ఆ జాగ్రత్తే. ఒక నిమిషం ఆయన కళ్ళు తడిశాయి కూడా. ఆ నిమిషంలోనే లేచి ఓదెలు ఇంటికి పోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆయన లేవలేదు.

"కొత్తది ఎయ్యి" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఈ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండనీ భాయ్. ఇప్పుడు చెప్పి ఎవలకేం లాభం? పాత పుండు కెలుకుడే."

మొయిజ్ సరేననలేదు, కాదనలేదు. కొత్త గొట్టం బిగించాడు. నా వణుకు ఆ రోజుతో శాశ్వతంగా పోయింది. ఆ తర్వాత ఒకసారి బజారులో నేను ఆగి ఉండగా మొయిజ్‌కు ఓదెలు ఎదురుపడ్డాడు. మొయిజ్ అతని చెయ్యి పట్టుకుని, నడుము నొప్పి ఎట్లా ఉందని అడిగాడు, ఒక మందు పేరు చెప్పాడు, మరోసారి చెయ్యి నొక్కి వెళ్ళిపోయాడు. గుండెలో ఉన్నది నోటిదాకా వచ్చి మందు పేరుగా మారిపోయింది.

నన్ను చూసినప్పుడల్లా సేటుకు ఏదో గుచ్చుకునేది కాబోలు. రెండు నెలల్లో నన్ను నీళ్ళ ప్లాంటు గంగారెడ్డికి అమ్మేశాడు.

ఆ ప్లాంటులో క్యాన్లు కడిగే మనిషి ఓదెలు.

నేను గేటులోకి వచ్చినప్పుడు అతను కుళాయి దగ్గర గొంతుకూర్చుని బ్రష్‌తో క్యాను రుద్దుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. తలెత్తి నా నంబరు చూశాడు, మళ్ళీ తలదించుకుని క్యాను రుద్దాడు. నాలుగు నెలలు ఒకే ఆవరణలో ఉన్నాం. అతను నా దగ్గరికి రాలేదు. క్యాన్లు ఎక్కించేటప్పుడు కూడా తొట్టి వెనక నుంచే అందించి వెళ్ళిపోయేవాడు.

ఒక పొద్దున గంగారెడ్డి డ్రైవరుకు జ్వరం వచ్చింది. అవతల ఊళ్ళలో హోటళ్ళవాళ్ళు నీళ్ళకోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. గంగారెడ్డి కుళాయి దగ్గరికొచ్చాడు.

"ఓదెలన్నా, నీకు లైసెన్స్ ఉన్నదట గదా. ఇయ్యాల ఒక్కరోజు బండి తోలరాదు?"

ఓదెలు తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. వద్దందామనుకున్నట్టుంది. కానీ గంగారెడ్డి తాళంచెవి ముందుకు చాపేసరికి అతని చెయ్యి దానంతటదే లేచింది. ఇవ్వబోయి గంగారెడ్డి ఆగాడు. "ఒక్క నిమిషం" అని నా తలుపు తెరిచి, తాళం పెట్టి తిప్పి, డీజిల్ ముల్లును ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. "ఏమనుకోకు అన్నా. ఊరికెనే" అన్నాడు.

ఓదెలు ఎక్కి కూర్చున్నాడు. అయిదున్నరేళ్ళ తర్వాత అతని బరువు నా సీటు మీద పడింది. తాళం తిప్పాడు. లేచాను. అతని అరచెయ్యి గేరు రాడ్డు మీదికి వచ్చింది. ఫోటో తీసిన ముల్లు వైపే అతని కళ్ళూ పోయాయి. ముల్లు పావుకంటే కింద ఉంది. నేను వణకడం లేదు. నున్నగా, నీళ్ళ మీద నూనెలా తిరుగుతున్నాను.

అతను చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. గంగారెడ్డి రెండుసార్లు పిలిచినా పలకలేదు. అతని చెయ్యి ముందు బిగుసుకుంది, తర్వాత చల్లబడింది. అతనికి అంతా అర్థమైందని నాకు అర్థమైంది. నేను ఈ ప్లాంటుకు రాకముందే ఎవరో ట్యాంకు దించారు. ఎవరో చూశారు. బాగు చేశారు. తన దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

నీళ్ళ క్యాన్లతో అతను నన్ను ముందు టెంట్ హౌసుకు తీసుకుపోయాడు. ఇంజన్ ఆపకుండానే దిగాడు. రాజేశం సేటు బయట కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చుట్టూ కూలీలు కర్రలు లెక్కపెడుతున్నారు. సేటు ముందు నన్ను చూశాడు, తర్వాత ఓదెలును. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పుడు దొరికింది సేటు?" అన్నాడు ఓదెలు.

సేటు బుకాయించలేదు. అంతవరకు మెచ్చుకోవాలి. "ఆరు నెలలైతున్నది" అన్నాడు.

"ఆరు నెలలు."

"చెప్దామనే అనుకున్న ఓదెలు. రేపు, ఎల్లుండి అనుకుంటనే... రేపటి సంది పనికి రా. కొత్త బండి నీకే ఇస్త."

"నాకు బండి వద్దు. ఆనాడు నలుగుట్ల అన్నవ్. నలుగుట్లనే చెప్పు."

సేటు కూలీల వైపు చూశాడు. ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, మిగతావాళ్ళు కొత్తవాళ్ళు. గొంతు సవరించుకుని చెప్పాడు. "ఇగో ఇనుండ్రి. ఆనాడు కథలాపూర్ల డీజిల్ విషయంల ఓదెలు తప్పేం లేదు. ట్యాంకు లోపట పైపు పలిగింది. ఈ దరిద్రపు బండే మా ఇద్దరి నడుమ చిచ్చు పెట్టింది. దీన్ని ఎన్నడో తుక్కుకు ఎయ్యాల్సుండె."

కూలీలు తలలూపారు. ఒక కొత్తవాడు పక్కవాణ్ణి ఏ డీజిల్ అని అడిగాడు. పాతవాడొకడు "నిజమే, బండ్లు మనుషులను చెడగొడుతయి" అని నా టైరును కాలితో తన్నాడు. ఎవరో ఓదెలుకు చాయ్ పోసి తెచ్చారు. అంతటితో అయిపోయింది. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. తప్పు నా మీద వేశాక అక్కడున్నవాళ్ళందరూ మంచివాళ్ళైపోయారు.

ఓదెలు చాయ్ తీసుకోలేదు.

"బండిని అనకుండ్రి" అన్నాడు. "అది చెప్పింది. నేను గూడ చెప్పిన."

అతను వచ్చి ఎక్కాడు. ఆ రోజు ఊళ్ళన్నీ తిరిగాం. ఒక్క క్యాను తప్పిపోకుండా దించాడు. పొద్దుగూకేలోపు ప్లాంటుకు తెచ్చి, తాళంచెవి గంగారెడ్డి బల్ల మీద పెట్టాడు.

"మంచిగ తోలినవంట గదా, అందరు చెప్పిండ్రు. ఇగ నువ్వే తోలన్నా" అన్నాడు గంగారెడ్డి.

"నాతోని కాదు పటేలా. చెయ్యి పోయింది."

చెయ్యి పోలేదు. ఆ రోజంతా ఆ చేతిలో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

మర్నాటి నుంచి అతను మళ్ళీ కుళాయి దగ్గరే. ఇప్పటికీ అక్కడే. పొద్దున డ్రైవరు వచ్చి నన్ను లేపి, బీడీ ముట్టించుకుని, నన్ను స్లోలో వదిలేసి ఫోన్‌లో మాట్లాడుకుంటాడు. నేను నున్నగా తిరుగుతుంటాను. అప్పుడు ఓదెలు ఒక్క క్షణం బ్రష్ ఆపుతాడు. చెయ్యి చాపి కుళాయి పూర్తిగా తిప్పుతాడు. ఖాళీ క్యానులో నీళ్ళు పెద్ద చప్పుడుతో పడుతుంటాయి. నా చప్పుడు అతనికి వినబడదు.